ఎంసెట్టా, జేఈఈనా, నీటా, దోస్తా: మన నల్లగొండ, పాలమూరు పిల్లలు దేన్ని గట్టిగ పట్టుకోవాలె

దేవరకొండ బస్టాండ్ దగ్గర నాకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జనవరి నుంచి ఆగస్టు దాక నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల సగం మంది ఇంటర్ పిల్లలు, వాళ్ల అమ్మనాయినలే. అప్లికేషన్ నింపుకుంట అందరు అడిగేది ఒక్కటే, "అన్నా, ఏది రాస్తే మంచిది?" నేను తిరిగి అడుగుత, "ఏ సీటు కావాలె బిడ్డా?" అంటే చానామంది చెప్పరు, ఒకరి మొఖం ఒకరు చూసుకుంటరు. కాలేజీల సార్లు చెప్పిన్రని ఎంసెట్, సోపతిగాడు రాస్తుండని జేఈఈ, మేనమామ కొడుకు డాక్టర్ అయిండని నీట్, ఇట్ల మూడు నాలుగు ఫీజులు కట్టి ఏ ఒక్కదానికి సక్కగ చదవకుండ పోతున్న పిల్లలను ఏటా చూస్తున్న, మనసున పడతలేదు. అందుకే నాకు తెలిసినంత వివరంగ రాస్తున్న.

నేను చెప్పేది ఏందంటే, పరీక్ష నుంచి సీటు దిక్కు కాదు, సీటు నుంచి పరీక్ష దిక్కు రావాలె. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏడాదికి ఎన్ని పైసలు అనేది ముందు తేల్చుకుంటే, దానికి ఏ పరీక్ష తలుపు తీస్తదో అదే మీ పరీక్ష.

ముందు ఈ లెక్కలు చూసుకోవాలె

మొదటిది ఫీజు. సీటు వచ్చినంక చేతి నుంచి ఎంత పెట్టాలె, సర్కారు తిరిగి కట్టే ఫీజు, అంటే రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తది. మన దిక్కు చానా ఇండ్లల్ల ఇదే అన్నిటికంటే పెద్ద లెక్క.

రెండోది పుస్తకం. ఎంసెట్ మన ఇంటర్ బోర్డు సిలబస్ మీద నడుస్తది, అంటే తెలుగు అకాడమీ పుస్తకాలు. జేఈఈ, నీట్ ఎన్‌సీఈఆర్‌టీ మీద నడుస్తయి. పాఠాలు చానా వరకు ఒక్కటే గని అడిగే తీరు వేరే ఉంటది.

మూడోది మైనస్ మార్కులు, టైం. నాలుగోది సర్టిఫికెట్లు, దీని గురించి ఎవ్వరు చెప్పరు, కింద నేను చెప్త. ఇగ ఐదోది, ఈసారి రాకపోతే ఇంకో ఏడాది ఇంట్ల కూర్చోబెట్టి చదివించే శక్తి ఇంటికి ఉందా లేదా.

| పరీక్ష | ప్రశ్నలు | మార్కులు | టైం | మైనస్ | రాసే పద్ధతి |
|---|---|---|---|---|---|
| ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) | 160 | 160 | 3 గంటలు | లేదు | కంప్యూటర్ |
| జేఈఈ మెయిన్ | 75 | 300 | 3 గంటలు | ఉంది, తప్పుకు 1 | కంప్యూటర్, ఏడాదికి రెండుసార్లు |
| నీట్ (2025 పద్ధతి) | 180 | 720 | 3 గంటలు | ఉంది, తప్పుకు 1 | ఓఎంఆర్ షీట్, పెన్ను |
| సీయూఈటీ (2025 పద్ధతి) | సబ్జెక్టుకు 50 | సబ్జెక్టుకు 250 | సబ్జెక్టుకు 1 గంట | ఉంది, తప్పుకు 1 | కంప్యూటర్ |
| దోస్త్ | పరీక్ష లేదు | ఇంటర్ మార్కులే | - | - | ఆన్‌లైన్ అప్లికేషన్ |

ఎంసెట్ ఇంజనీరింగ్

పేరు ఈఏపీసెట్ అని మారింది గని ఊర్ల ఇంకా ఎంసెటే అంటరు, నేను గూడ అట్లనే అంట. జేఎన్‌టీయూ హైదరాబాద్ పెడతది. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంగ్లీషుతో పాటు తెలుగుల గూడ ప్రశ్న కనపడేటట్టు పెట్టుకోవచ్చు. క్వాలిఫై కావాలంటే 160ల 40 మార్కులు రావాలె, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఆ కనీస మార్కు గూడ లేదు. ఇంతకు ముందు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, అది తీసేసిన్రు, ఇప్పుడు ర్యాంకు మొత్తం ఆ మూడు గంటల మీదనే. అట్లని ఇంటర్ వదిలేయొద్దు, గ్రూప్ సబ్జెక్టులల్ల 45 శాతం, రిజర్వేషన్ పిల్లలకు 40 శాతం లేకపోతే ఎంత ర్యాంకు వచ్చినా సీటు ఇయ్యరు.

ఇది స్పీడు పరీక్ష. 180 నిమిషాలల్ల 160 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషం మీద ఏడెనిమిది సెకండ్లు. మైనస్ లేదు గనుక ఒక్క ప్రశ్న గూడ వదలొద్దు. లెక్క చూడుండ్రి, 40 ప్రశ్నలు అస్సలు తెల్వక గుడ్డిగ పెట్టినా నాలుగింట్ల ఒకటి చొప్పున సగటున 10 తగులుతయి, ఎంసెట్ల 10 మార్కులంటే నడిమి ర్యాంకుల దగ్గర వేల ర్యాంకులు అటుఇటు అయితయి. అయినా ఏటా ఎవరో ఒకరు "అన్నా టైం సరిపోలే, ఇరవై వదిలేసిన" అని చెప్తనే ఉంటరు, నాకు పాణం సురుక్కుమంటది. ఆఖరు ఐదు నిమిషాలు దీనికే పెట్టుకోవాలె.

ఇగ ఫీజు. కన్వీనర్ కోటాల, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌ల సీటు వస్తేనే రీయింబర్స్‌మెంట్, మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. బీసీ, ఈబీసీ పిల్లలకు 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆ పైన అయితే 35 వేల దాకనే అనే పద్ధతి నడుస్తున్నది, ఎస్సీ ఎస్టీలకు పూర్తిగ. బీసీలకు ఆదాయం ఊర్ల లక్షన్నర, పట్నంల రెండు లక్షల లోపు ఉండాలె. ఇప్పుడు ఒక లెక్క చెప్త. 22 వేల ర్యాంకు వచ్చిన బీసీ పిల్లగాడు హైదరాబాద్‌ల ఏడాదికి లక్షా ఇరవై వేల ఫీజు ఉన్న కాలేజీ పెట్టిండు అనుకో, 35 వేలు పోను 85 వేలు చేతి నుంచి, నాలుగేండ్లకు 3 లక్షల 40 వేలు, హాస్టల్ వేరే. అదే పిల్లగాడు ఫీజు తక్కువున్న యూనివర్సిటీ కాలేజీనో ఇంకో కాలేజీనో పైన పెట్టుకుంటే ఇంటి మీద భారం చానా తగ్గుతది. పేరున్న కాలేజీకి పోవద్దని కాదు, గని వెబ్ ఆప్షన్, అంటే ఆన్‌లైన్‌ల కాలేజీల వరస పెట్టే ముందు ప్రతి కాలేజీ పేరు పక్కన ఫీజు రాసుకోండ్రి. ఇంకో మాట, సర్కారు నుంచి పైసలు లేటయితే కొన్ని కాలేజీలు ముందు మీరు కట్టుండ్రి, వచ్చినంక ఇస్తం అంటయి, సర్టిఫికెట్లు ఆపుతయి, ఆ ఇబ్బంది గూడ మనసుల పెట్టుకోవాలె.

జేఈఈ మెయిన్

దీన్ని మన దిక్కు పిల్లలు చూసి భయపడతరు, భయపడాల్సినంత లేదు, తేలికగ తీసుకునేటంత గూడ లేదు. 75 ప్రశ్నలే, ఒక్కోదానికి రెండు నిమిషాల మీద టైం ఉంటది, గని ఒక్క ప్రశ్నల రెండు మూడు చాప్టర్లు కలిపి అడుగుతరు. సబ్జెక్టుకు ఐదు ప్రశ్నలకు ఆప్షన్లే ఉండయి, జవాబు నంబర్ మనమే కొట్టాలె, వాటికి గూడ ఇప్పుడు మైనస్ ఉంది, తెల్వకపోతే ముట్టొద్దు. తెలుగుల రాయొచ్చు. జనవరిల ఒకసారి, ఏప్రిల్‌ల ఒకసారి, రెండిట్ల ఏది ఎక్కువుంటే అది లెక్కలకు వస్తది. ఏప్రిల్‌ది రాసిన కొన్నాళ్లకే ఎంసెట్ వస్తది గనుక ఎంపీసీ పిల్లలకు అది ప్రాక్టీసు లెక్క గూడ పనికొస్తది.

ఈ ర్యాంకుతోనే ఎన్ఐటీల, అంటే కేంద్ర సర్కారు ఇంజనీరింగ్ కాలేజీల సీటు వస్తది. దాని ఫీజు దగ్గర చానామందికి తెల్వని సంగతి ఉంది. "ఎన్ఐటీ అంటే ఉన్నోళ్లకు" అని మా నాయిన వయసోళ్లు అనుకుంటరు. ఎన్ఐటీల ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా 25 వేలు, నిజమే. గని ఎస్సీ ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు మాఫీ. మిగిలినోళ్లకు ఇంటి ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట్ల రెండు వంతులు మాఫీ, అంటే కట్టేది సుమారు 42 వేలు. హాస్టల్, మెస్సు వేరే. పైన చెప్పిన 85 వేల లెక్కతోటి ఇది పక్కపక్కన పెట్టి చూడుండ్రి. వరంగల్ ఎన్ఐటీల సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. అయితే ఇంటర్‌ల 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65 శాతం ఉండాలె, లేకపోతే బోర్డుల పైన 20 పర్సెంటైల్‌ల ఉండాలె.

ఐఐటీ కావాలంటే మెయిన్‌ల పైన రెండున్నర లక్షల మందిల ఉండి అడ్వాన్స్‌డ్ రాయాలె. అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు, హిందీలనే ఉంటది, తెలుగు లేదు. వరుసగ రెండేండ్లల్ల రెండుసార్లే అవకాశం. తెలుగు మీడియంల పది దాక చదివిన పిల్లలు ఐఐటీ అనుకుంటే ఫస్టియర్ నుంచే ఇంగ్లీషుల లెక్క చదివి అర్థం చేసుకునుడు అలవాటు చేసుకోవాలె, మెయిన్ పాసయినంక మొదలుపెడితే అందదు.

నీట్

బైపీసీల అందరికి ఇదే కావాలె. ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో, మన దగ్గర వెటర్నరీ గూడ నీట్ ర్యాంకు మీదనే. ఎంసెట్ రాస్తే ఎంబీబీఎస్ వస్తదని ఇంకా అనుకునే తల్లిదండ్రులు ఉన్నరు, రాదు.

మంచి సంగతి ఏందంటే మన పాత రెండు జిల్లాలల్ల సర్కారు మెడికల్ కాలేజీలు పెరిగినయి. మహబూబ్‌నగర్ 2016ల, నల్లగొండ, సూర్యాపేట 2019ల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2022ల, గద్వాల, నారాయణపేట, యాదాద్రి 2024ల. బీబీనగర్‌ల ఎయిమ్స్ ఉంది, అది మాత్రం దేశం మొత్తం మీద పోటీ. సర్కారు కాలేజీల 85 శాతం సీట్లు రాష్ట్రం కోటా, కాళోజీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ చేస్తది. సర్కారు కాలేజీ ఫీజు ఏడాదికి 10 వేలు, ప్రైవేటుల కన్వీనర్ సీటుకు 60 వేలు ఉండె, బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ సీటు) అంటే లక్షలల్ల. అంటే నీట్‌ల కొద్దిగ అటుఇటు అయితే ఇంటి తలరాతనే మారిపోతది.

180 ప్రశ్నలల్ల 90 బయాలజీ. మన పిల్లలు తెలుగు అకాడమీ బాటనీ, జువాలజీ బట్టీ కొట్టి మస్తు మార్కులు తెచ్చుకుంటరు, నీట్‌ల దెబ్బ తింటరు. ఎందుకంటే బయాలజీ ప్రశ్న ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంల లైను పట్టుకొని వస్తది, బొమ్మ కింద రాసిన రెండు ముక్కల నుంచి గూడ వస్తది. తెలుగు పేపర్ పెట్టుకుంటే ఇంగ్లీషు గూడ పక్కనే ఉంటది, తర్జుమాల తేడా వస్తే ఇంగ్లీషు మాటనే ఆఖరు. అప్లికేషన్‌ల ఏ భాష పెట్టినమో మళ్ల మళ్ల చూసుకోవాలె.

మైనస్ లెక్క: గుడ్డిగ 40 పెడితే 10 తగిలి 40 మార్కులు, 30 తప్పయి 30 పోతయి, మిగిలేది సగటున 10, అదృష్టం బాగలేకపోతే ఉన్నయి గూడ పోతయి. రెండు ఆప్షన్లు కచ్చితంగ తప్పని తెలిస్తే మిగిలిన రెండిట్ల ఒకటి ధైర్యంగ పెట్టొచ్చు.

లాంగ్‌టర్మ్ గురించి మనసు విప్పి చెప్త. మా చెల్లె 2021ల ఇంటర్ అయినంక రెండేండ్లు హైదరాబాద్‌ల హాస్టల్ల ఉండి నీట్‌కు చదివింది. మొదటి ఏడు మార్కులు బాగనే పెరిగినయి. రెండో ఏడు పెరగలే. ఫోన్ చేస్తే "అంత మంచిగనే ఉంది అన్నా" అనేది, ఇంటికొస్తే ఎవ్వరితోని మాట్లాడకపోయేది. రెండో ఏడు ఎంసెట్ గూడ రాయించినం, వ్యవసాయం సీటు వచ్చింది, పాలెం కాలేజీల చేరింది. ఇప్పుడు పొలంకాడికి వచ్చి మా నాయినకు పత్తి ఆకు తిప్పి చూపించి పురుగు పేరు చెప్తది. ఆమెను మూడో ఏడు గూడ కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే నాకు ఇప్పటికి భయమైతది. అందుకే నేను చెప్పేది, లాంగ్‌టర్మ్ ఒక్క ఏడాది. మొదటిసారి సీటు గీతకు దగ్గరిదాక వచ్చి ఆగినోళ్లకు, పోయినసారి ఏ చాప్టర్ల దగ్గర పోయిందో వాళ్లకే తెలిసినోళ్లకు అది పనికొస్తది. సగం మార్కులు గూడ రానోళ్లను పైసలు అప్పు తెచ్చి పంపకండ్రి.

ఎంసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ

దీన్ని నీట్ రానోళ్ల పరీక్ష లెక్క చూస్తరు, నాకు కోపమొస్తది. బాటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మైనస్ లేదు. బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్, బీ ఫార్మసీ, ఫార్మ్ డీ, బీఎస్సీ నర్సింగ్ దీని మీదనే. పాలెంల వ్యవసాయ కాలేజీ, మోజర్లల హార్టికల్చర్ కాలేజీ మన పాలమూరు గడ్డ మీదనే ఉన్నయి. అగ్రికల్చర్‌ల 40 శాతం సీట్లు రైతు కోటా, దానికి కనీసం ఎకరం భూమి ఉండాలె, పిల్ల ఊర్ల బడిల కనీసం నాలుగేండ్లు చదివి ఉండాలె. ఊరి బడిల చదివిన రైతు బిడ్డ నల్లగొండ, పాలమూరుల ఎంతమంది ఉన్నరో మీకే తెలుసు, అయినా పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్లు టైంకు పెట్టక ఈ కోటా పోగొట్టుకునేటోళ్లు మస్తు మంది.

2025ల అగ్రికల్చర్ ఎంసెట్ ఏప్రిల్ 29, 30 తారీఖులల్ల అయింది, నీట్ మే 4న అయింది. అంటే వారంల రెండు పరీక్షలు. బైపీసీ పిల్లలకు నా సలహా: చదువు నీట్ లెక్క చదవండ్రి, ఆఖరు పదిహేను రోజులు మాత్రం తెలుగు అకాడమీ పుస్తకాలు ఒకసారి తిరగేసి, మైనస్ లేని పేపర్ స్పీడుగ రాసుడు నాలుగైదుసార్లు ప్రాక్టీసు చేయండ్రి.

సీయూఈటీ, దోస్త్, మిగిలినయి

సీఈసీ, హెచ్ఈసీ పిల్లలను ఎవ్వరు పట్టించుకోరు. వాళ్లకు సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు పెట్టే పరీక్ష ఉంది, 2022ల మొదలైంది, తెలుగుల గూడ రాయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఐదేండ్ల కోర్సులు, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), ములుగుల సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీ దీనితోనే. చందంపేట, నేరేడుగొమ్ము తండాల నుంచి వచ్చే పిల్లలకు నేను ఇది తప్పక చెప్త, మా దగ్గర దీని అప్లికేషన్లు ఏడాదికి పది గూడ రావు.

దోస్త్‌కు పరీక్ష లేదు, ఇంటర్ మార్కుల మీద డిగ్రీ సీటు. నల్లగొండ ఎన్జీ కాలేజీ, పాలమూరు ఎంవీఎస్ కాలేజీ, ఇట్ల సర్కారు కాలేజీలల్ల ఖర్చు చానా తక్కువ. డిగ్రీ అయినంక టీచర్ కావాలంటే ఎడ్‌సెట్, ఎంబీఏ, ఎంసీఏకు ఐసెట్, వకీలు కావాలంటే మూడేండ్ల లాసెట్ ఉన్నయి, ఐసెట్, లాసెట్‌లల్ల మైనస్ గూడ లేదు. ఇంటర్ తోనే వకీలు దిక్కు పోవాలంటే ఐదేండ్ల లాసెట్. ఇంటర్‌కే పోకుండ పది అయినంక పాలీసెట్ రాసి డిప్లొమా చేసినోళ్లు ఈసెట్‌తో బీటెక్ సెకండియర్ల చేరొచ్చు, ఇంట్ల తొందరగ సంపాదన కావాలనుకునేటోళ్లకు ఇది మంచి తొవ్వ.

ఎవరికి ఏది

ఎంపీసీ, తెలుగు మీడియం నుంచి వచ్చి సర్కారు జూనియర్ కాలేజీల చదువుతున్న పిల్లకు: ఎంసెట్ ముఖ్యం, జేఈఈ మెయిన్ ఏప్రిల్‌ది ఒక్కసారి రాయుండ్రి. ఎస్సీ ఎస్టీ అయితే జేఈఈ ఇంకా గట్టిగ పట్టుకోవాలె, కటాఫ్ ర్యాంకు గూడ వేరే ఉంటది, ఫీజు మాఫీ ఉంది, అప్లికేషన్ గూడ 2025ల 500 రూపాయలే. ఫస్టియర్ నుంచే లెక్కలు బాగ వస్తున్న పిల్లగాడికి జేఈఈ ముఖ్యం చేస్తే ఎంసెట్ దానంతట అది వస్తది, ఎంసెట్‌కు చదివితే మాత్రం జేఈఈ రాదు, ఈ తేడా గుర్తుంచుకోండ్రి. ఆ పిల్లగాడు ఆఖరు నెల స్పీడు ఒక్కటి పెంచుకుంటే సాలు.

బైపీసీల భూమి ఉన్న ఇంటి పిల్లకు నీట్, ఎంసెట్ రెండు. ఫిజిక్స్ అంటే వణుకు పుట్టే బైపీసీ పిల్లకు ఎంసెట్ ముఖ్యం పెట్టుకొని నర్సింగ్, ఫార్మసీ, అగ్రికల్చర్ చూసుకునుడు మంచిది. నీట్‌ల 45 ఫిజిక్స్ ప్రశ్నలు వదిలేసి సర్కారు సీటు తెచ్చుకునుడు చానా కష్టం.

సర్టిఫికెట్లు, ఫోన్ నంబర్

జేఈఈ, నీట్ ఆల్ ఇండియా కోటాకు మన బీసీ సర్టిఫికెట్ పనికిరాదు, సెంట్రల్ ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వేరే తీసుకోవాలె, రాష్ట్రం బీసీ లిస్టుల ఉన్న కులాలల్ల కొన్ని సెంట్రల్ లిస్టుల లేవు, ముందు చూసుకోండ్రి. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌కు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిన ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్టే అడుగుతరు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవల పెట్టినంక తహసీల్ ఆఫీసుల ఎన్ని రోజులు ఆగుతయో చెప్పలేం, ఏప్రిల్ మొదటి వారంలనే పెట్టుండ్రి.

పోయిన జులైల ఒక పెద్దాయన, డిండి దగ్గర తండా, బిడ్డను తీసుకొని వచ్చిండు. ఆ పిల్ల లాంగ్ నోట్‌బుక్కుల పెన్సిల్‌తోని నలభై కాలేజీ కోడ్లు, పక్కన ఫీజు, ఇంటి నుంచి ఎంత దూరం, అన్నీ గీతలు కొట్టుకొని రాసుకొచ్చింది. అంత సక్కగ ఎవ్వరు తేలే నా దగ్గరికి. లాగిన్ అయితే ఓటీపీ ఆ ఆయన ఫోన్‌కు రాలే. చూస్తే అప్లికేషన్‌ల నంబర్ వేరే ఉంది, వాళ్ల జూనియర్ కాలేజీల అప్లికేషన్లు నింపినాయన తన నంబర్ పెట్టిండు. ఫోన్ చేస్తే "మేమే ఆప్షన్లు పెట్టినం, మంచి కాలేజీ" అన్నడు. పిల్ల నోట్‌బుక్కు మూసి ఒడిల పెట్టుకొని కూర్చుంది, ఏడ్వలే. ఇంక రెండు రోజులు టైం ఉండె, హెల్ప్‌లైన్ సెంటర్‌కు ఆధార్, హాల్‌టికెట్ పట్టుకొని పోయి నంబర్ మార్పించుకున్నరు, మళ్ల వచ్చిన్రు, నోట్‌బుక్కుల ఉన్న వరసనే నలభై ఎక్కించినం, ఫ్రీజ్ కొట్టినంక ఆ పిల్లనే ప్రింటు తీసుకొని ఒక్కొక్క కోడు వేలు పెట్టి సరిచూసుకుంది.

అప్లికేషన్ ఎవ్వరు నింపినా, నా దగ్గర నింపినా సరే, ఫోన్ నంబర్, మెయిల్ మీదే ఉండాలె. పాస్‌వర్డ్ మీ నోట్‌బుక్కుల రాసుకోండ్రి, సిమ్ము ఆగస్టు దాక రీఛార్జ్ తప్పొద్దు.